మెట్ట చేలలో చలికాలపు పిట్టలు: హైదరాబాదు నుంచి రెండు రోజుల ప్రయాణానికి సిద్ధపడే విధం

హైదరాబాదులో పక్షులను చూడడం అలవాటు చేసుకున్నవారు సాధారణంగా చెరువు కట్ట మీద మొదలుపెడతారు. చాలామంది అక్కడే ఆగిపోతారు కూడా. నీటి మీది బాతు ఎక్కడా దాక్కోదు కనుక, ఏ అమీన్‌పూర్ చెరువు దగ్గరో నిలబడి బైనాక్యులర్ ఎత్తితే అరగంటలో ఇరవై రకాలు లెక్క తేలుతాయి. అదే మనిషిని జహీరాబాదు వైపు మెట్ట చేల నడుమ నిలబెడితే, ఎటు చూసినా శనగ చేను, దాని వెనుక బీడు, బీడులో నాలుగు తుమ్మచెట్లు తప్ప ఏమీ కనిపించక, పావుగంటకే కారెక్కుదాం పదమంటాడు. నిజానికి ఆ పావుగంటలో అతని ఎదుటనే ఏడెనిమిది రకాల పిట్టలు తిరుగుతూ ఉంటాయి. మెట్టలో ముందు నేలను చూడాలి, ఆ నేలలో ఏ పిట్టకు ఏమి పని ఉంటుందో తెలుసుకోవాలి, ఆ తరువాతే పిట్టను వెతకాలి. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ ఒక్క అలవాటు చుట్టూ తిరిగేవే.

మన పీఠభూమి ఈ భాగంలో సముద్రమట్టానికి సుమారు 500 నుంచి 650 మీటర్ల ఎత్తున ఉంటుంది. మధ్య ఆసియా గడ్డి మైదానాలు మంచు కింద పడి, మిడతలు, ఎలుకలు దొరకని రోజుల్లో అక్కడి గద్దలు, భరతపిట్టలు, జిట్టలు మన బీళ్ళకు వస్తాయి. అక్టోబరు చివరినుంచే రాక మొదలైనా, నవంబరు రెండవ పక్షం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఉన్న కాలం ఈ ప్రయాణానికి తగినది. అందులోనూ నేను జనవరినే ఎంచుకుంటాను. అప్పటికి చెరువుల్లో నీరు కొంత తగ్గి శిఖం భూముల్లో బురద బయటపడుతుంది; జొన్న కంకి వేస్తుంది; శనగ పూతకూ కాతకూ మధ్య ఉంటుంది; గడ్డి ఎండి పసుపు రంగుకు తిరుగుతుంది కాని పశువులు పూర్తిగా మేసి ఉండవు. డిసెంబరులో పొగమంచు ఎక్కువగా కమ్మి ఉదయపు మొదటి గంట వృథా అయ్యే రోజులు కూడా ఉంటాయి.

దారి

రెండు రోజులకు సరిపడే దారి ఇలా పెట్టుకోవచ్చు. మొదటి రోజు తెల్లవారకముందే ముంబయి రహదారి మీదుగా సంగారెడ్డి చేరి, సూర్యోదయానికి మంజీర అభయారణ్యం దగ్గర ఉండాలి. అక్కడి నుంచి పదిగంటలలోపు బయలుదేరి, సింగూరు జలాశయం వెనుక నీళ్ళు నిలిచే రాయికోడ్ వైపు, ఆ తరువాత జహీరాబాదు చుట్టుపక్కల నల్లరేగడి చేలలో మధ్యాహ్నం వరకు తిరగాలి. మూడు గంటలకు వెనుదిరిగి సదాశివపేట మీదుగా మోమిన్‌పేట మండలంలోని ఎన్కతల గడ్డిభూమి చేరితే, సాయంత్రం గద్దలు దిగే వేళకు ఒక చోట కుదురుకోవచ్చు. రాత్రికి వికారాబాదులో గాని, అనంతగిరి మీది టూరిజం శాఖ వారి హరిత వసతిలో గాని ఉండి, రెండవ ఉదయం మళ్ళీ ఎన్కతలకే వచ్చి, శంకర్‌పల్లి మీదుగా మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. మొత్తం సుమారు 300 కిలోమీటర్లు అవుతుంది. ఇంతకంటే ఎక్కువ చుట్టడం మంచిది కాదు. ఒక్క రోజులో ఆరు చోట్లు చూశామని చెప్పుకొనేవారి పుస్తకంలో సాధారణంగా రోడ్డు పక్క తీగల మీది పిట్టలే ఉంటాయి.

మరో రోజు కలుపుకోగలిగినవారు కర్నూలు దాటి రోళ్ళపాడు అభయారణ్యానికి వెళ్ళడం గురించి అడుగుతూ ఉంటారు. బట్టమేక పిట్ట కోసం, నేలనెమలి కోసం 1988లో ఏర్పాటైన ఆ గడ్డిభూమి తప్పక చూడదగినదే. కృష్ణజింకలు కనిపిస్తాయి, చలికాలంలో హ్యారియర్లనే పిల్లిగద్దలు కనిపిస్తాయి. బట్టమేక పిట్ట మీద ఆశ పెట్టుకొని మాత్రం వెళ్ళకండి. అది వేరే దిశ, వేరే ప్రయాణం. దీనితో కలిపితే రెండూ చెడతాయి.

బైనాక్యులర్

కొనేవారు 8×42 కొలత దగ్గరే ఆగడం మంచిది. మొదటి అంకె ఎన్నింతలు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది, రెండవది ముందు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. రెండవ అంకెను మొదటిదానితో భాగిస్తే వచ్చేది కంటికి చేరే వెలుగు పుంజం వెడల్పు: 8×42కు ఐదు మిల్లీమీటర్లకు పైన, 10×42కు నాలుగుకు కొంచెం పైన. తెల్లవారుజామున, సందెవేళ ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నేను మొదటిసారి కొన్నది, అంగడివాడు ఎంతో ఘనంగా చూపించిన 20×50. దానిలోనుంచి చూస్తే పిట్ట కంటే ముందు నా చేతి వణుకే ఇరవై ఇంతలై కనిపించింది. రెండు నెలలకే అది అటక ఎక్కింది.

కొన్న తరువాత చాలామంది చేయని పని ఒకటి ఉంది. మన రెండు కళ్ళ చూపు సమానంగా ఉండదు కనుక, బైనాక్యులర్‌ను ఎవరికి వారు సరిచేసుకోవాలి. దూరంగా ఉన్న ఒక బోర్డు మీది అక్షరాలను ఎంచుకొని, కుడి కన్ను మూసి, నడిమి చక్రంతో ఎడమ కంటికి స్పష్టంగా తెచ్చుకోవాలి. తరువాత ఎడమ కన్ను మూసి, నడిమి చక్రం కదపకుండా, కుడి గొట్టం మీద ఉండే చిన్న వలయాన్ని తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేసుకోవాలి. ఆ వలయం ఏ గీత దగ్గర నిలిచిందో గుర్తుపెట్టుకుంటే చాలు. కళ్ళద్దాలు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి దించుకోవాలి. పిట్ట కనిపించగానే తల దించి బైనాక్యులర్ కోసం వెతికేవారికి మళ్ళీ ఆ పిట్ట దొరకదు. చూపు దాని మీదనే నిలిపి, బైనాక్యులర్‌నే కళ్ళ ముందుకు తెచ్చుకోవడం ఇంటి మేడ మీద కాకులతో ఒక వారం సాధన చేస్తే వస్తుంది.

టెలిస్కోపు ఉంటే మంజీర దగ్గర, సింగూరు దగ్గర అక్కరకు వస్తుంది. లేకపోయినా ప్రయాణం ఆపవలసిన పని లేదు. మట్టిరంగు బట్టలు, చీలమండ దాటే బూట్లు, టోపీ, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, మధ్యాహ్నానికి రొట్టె ఏదైనా కట్టుకొని వెళ్ళాలి. గడ్డిలో మేజోళ్ళకు పల్లేరు కాయలు, గడ్డి ముళ్ళు గుచ్చుకుంటాయి కనుక ఇంకో జత తీసుకెళ్ళడం సుఖం.

మంజీర దగ్గర ఉదయం

సింగూరు ఆనకట్టకూ సంగారెడ్డి దగ్గరి మంజీర ఆనకట్టకూ నడుమ నది 36 కిలోమీటర్ల పొడవున అభయారణ్యం. మన నగరానికి తాగునీరు ఇచ్చిన నీళ్ళే ఇవి. వీటిలో మొసళ్ళు ఉన్నాయన్న సంగతి మరచి ఒడ్డుకు దిగకూడదు. ప్రవేశానికి అటవీశాఖ సిబ్బందిని ముందుగా అడగాలి. ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, సూదిలాంటి తోక ఉండే పిన్‌టెయిల్ బాతులు, బాపన బాతులు ఇక్కడ చూడదగినవి. అదృష్టం ఉంటే తల వెనుక రెండు నల్లపట్టీలున్న బార్‌హెడెడ్ బాతుల గుంపు కూడా దొరుకుతుంది. 7 వేల మీటర్లకు పైన ఎగరడం నమోదైన పక్షులు శిఖం గడ్డిలో ఊరబాతుల్లా బడబడా నడుస్తూ మేయడం చూస్తే నవ్వు వస్తుంది. సూర్యుడు వీపు వెనుక ఉండేలా నిలబడే చోటు ఎంచుకోవాలి. ఎండకు ఎదురుగా చూస్తే అన్ని బాతులూ నల్లబాతులే. ఇక్కడ ఎక్కువసేపు చెప్పుకోవలసింది లేదు, ఎందుకంటే మన ప్రయాణం ఉద్దేశం ముందున్న మెట్ట.

నేలను బట్టి పిట్ట

రోడ్డు నుంచి బండ్లబాటలోకి తిరిగాక కారు ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలు దించి, పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పిట్టలు కారును చూసి భయపడేదానికంటే మనిషి ఆకారాన్ని చూసి ఎక్కువగా భయపడతాయి. తలుపు తీసిన చప్పుడుకు లేచిపోయే కోర్సర్ అనే నేలపిట్ట, మూసిన కారుకు ఇరవై అడుగుల దూరంలో నడిచిపోతుంది. ఆ పది నిమిషాల్లో బైనాక్యులర్ ఎత్తకుండా, చుట్టూ ఉన్నది చెలకా, రేగడా; దుక్కా, పంటా, బీడా; నీళ్ళు ఎటు ఉన్నాయి, తీగలు ఎటు పోయాయి అన్నది చూసుకోవాలి.

కొత్త దుక్కి కనిపిస్తే ట్రాక్టరు ఎక్కడుందో చూడండి. నాగలి వెనుక తెల్లకొంగలు, పసుల పోలిగాళ్ళు, గోరింకలు వరుస కట్టి ఉంటాయి; మట్టి తిరగబడగానే బయటపడిన పురుగు కోసం వాటి మధ్య జరిగే తగాదా చూడవలసిందే. అసలు దుక్కి పిట్టలు మాత్రం ట్రాక్టరు వెళ్ళిపోయిన మూలన ఉంటాయి. మట్టిగడ్డ రంగులోనే ఉండే కోర్సర్, భరతపిట్ట కదలనంత వరకు కనిపించవు. అందువల్ల చేను మొత్తాన్ని కళ్ళతో ఊడ్చకుండా, దగ్గరి సాలు ఒకటి పట్టుకొని ఈ చివరి నుంచి ఆ చివరకు చూసి, తరువాతి సాలుకు వెళ్ళాలి. కోర్సర్ నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, నిటారుగా నిలబడి, ముందుకు వంగి ఏదో ఏరుకుంటుంది. ఈ నాలుగు పనుల వరుసను గుర్తుపెట్టుకుంటే దుక్కిలో దానిని పట్టుకోవడం తేలిక. పసుపు తోలు వేలాడే తీతువు పిట్ట కూడా ఇటువంటి ఎండు నేలనే ఇష్టపడుతుంది. ఎర్రతోలు తీతువు నీటి దాపును వదలదు. రెండూ ఒకే చోట కనిపిస్తే దగ్గరలో కుంట ఉందన్నమాట.

శనగ చేనులో మొక్క మోకాలు కూడా దాటదు కనుక పిట్ట దాగడానికి చోటు తక్కువ, కాని తినడానికి చాలా ఉంటుంది. పచ్చపురుగును పక్షులు ఏరుకు తింటాయని, ఎకరానికి 20 వరకు పక్షి స్థావరాలు, అంటే పైన అడ్డకర్ర కట్టిన గూటాలు, నాటమని రైతులకు వ్యవసాయ సలహాలు చెబుతారు. మనకు అంతకంటే మేలైన సదుపాయం ఏముంటుంది! అడ్డకర్రలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే పోలిగాడు, సైబీరియా నుంచి వచ్చిన స్టోన్‌చాట్, అన్నిటికంటే ముఖ్యంగా పాలపిట్ట కనిపిస్తాయి. దసరానాడు ఊరంతా వెతికే ఈ రాష్ట్ర పక్షి, కూర్చున్నంత సేపూ మాసిన గోధుమరంగు ముద్దలా ఉండి, రెక్క విప్పగానే రెండు రకాల నీలంతో వెలుగుతుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, సంఖ్య బాగా తగ్గినందున అంతర్జాతీయ ఎర్రజాబితాలో స్థాయిని పునఃపరిశీలించాలని సూచించిన 14 పక్షులలో పాలపిట్ట కూడా ఉంది. కనుక కనిపించిన ప్రతి పాలపిట్టనూ లెక్క రాయండి. మనకు రోజూ కనిపించేదే కదా అని వదిలేసినవాటి లెక్కలే తరువాత దొరకవు.

జొన్న చేను దగ్గర చూడవలసింది గులాబీరంగు గోరింకల గుంపులను. వందలు ఒక్కసారి లేచి, మబ్బులా ముడుచుకొని, విచ్చుకొని, మరో చేనులో వాలుతాయి. నగరంనుంచి వచ్చినవారికి అది వింత. మంచె మీద వడిసెల పట్టుకొని కూర్చున్న మనిషికి ఏడాది గింజ. ఆయన డబ్బా కొట్టి తోలుతుంటే, ఫొటో కోసం ఒక్క నిమిషం ఆగమని అడిగినవారిని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. అంచు కంకుల మీద నల్లతల, ఎర్రతల బంటింగులు, జీనువాయిలు కూడా దొరుకుతాయి.

ఇక బీడు. పట్టా కాగితాల్లో పడావు అనో బంజరు అనో రాసి ఉండే ఈ నేలే మన ప్రయాణానికి ప్రాణం. ఎవరికీ అక్కరలేదనుకొనే నేల కావడంతో వెంచర్ల రాళ్ళు ముందు ఇక్కడే పాతుతారు. నిరుడు చూసిన బీడు ఈ ఏడు ప్లాట్లయి కనిపించడం మామూలైపోయింది. తుమ్మకొమ్మ చివర కూర్చున్న కసాయిపిట్టను చూస్తే, ఆ చెట్టు ముళ్ళను కూడా చూడండి. మిడతనో చిన్న తొండనో గుచ్చి దాచుకొని ఉండవచ్చు. ఆకాశంలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలిచిన చిన్న గద్ద కనిపిస్తే అది చాలావరకు రెండింటిలో ఒకటి: ఇటుకరంగు వీపు ఉంటే కెస్ట్రెల్, తెల్లగా బూడిదగా ఉండి భుజం నల్లగా ఉంటే నల్లరెక్కల గద్ద. రెండవదానికి మన పాతవారు పెట్టిన పేరు అడవి రామదాసు. అంత చక్కని పేరు ఉండగా ఎందుకు వదులుకోవాలో నాకు తెలియదు. పదిగంటల తరువాత నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పెద్ద గద్దలు అప్పుడే పైకి వస్తాయి. పాములగద్ద, అప్పుడప్పుడు స్టెప్పీ గద్ద ఆ వేళలోనివే. అదే వేడి వల్ల దూరపు నేల మీది పిట్టలు ఎండమావుల్లో వణుకుతూ కనిపిస్తాయి. అందుచేత పది దాటితే తల ఎత్తాలి, పది లోపల తల దించాలి.

చేలలో జాగ్రత్తలు

పాము సంగతి అందరూ చెబుతారు. చలి ఉదయాల్లో రక్తపింజర ఎండ కాచుకోవడానికి బాట మీదికి వస్తుంది కనుక అడుగు చూసి వేయాలన్నది నిజమే. అంతకంటే పెద్ద ప్రమాదాలు రెండు ఉన్నాయి. అడవి పందులకోసం కొన్ని చేల చుట్టూ రాత్రివేళ కరెంటు తీగ కడతారు. అది చట్టవిరుద్ధం, అయినా ఉంటుంది. బాగా తెల్లవారి, చేనులో మనుషుల అలికిడి మొదలయ్యేదాకా బాట దిగి చేనులో అడుగు పెట్టవద్దు. రెండవది, గట్టు లేని పాత వ్యవసాయ బావులు. కళ్ళకు బైనాక్యులర్ పెట్టుకొని నడవకూడదన్న నియమం ఇక్కడ మర్యాదకు సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది.

నల్లరేగడి గురించి నాకు నేర్పినది ఒక డిసెంబరు. ముందురోజు కురిసిన అకాల వర్షానికి పైపొర ఆరినట్లే కనిపించిన బండ్లబాటలోకి కారు దించాను. యాభై గజాలు పోకముందే చక్రాలకు మట్టి బెల్లం పాకంలా చుట్టుకొని, కారు అడ్డంగా జారి నిలిచిపోయింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి పొద్దుగూకింది. ఆనాటి పిల్లిగద్దలు నేను లేకుండానే వాలాయి. మూడు రోజుల్లోపు వాన పడి ఉంటే తారు రోడ్డు దిగవద్దు.

సంక్రాంతి రోజుల్లో వెళ్ళేవారు చిన్న కత్తెర, ఒక అట్టపెట్టె వెంట పెట్టుకోవాలి. నిషేధం ఉన్నా చైనా మాంజా తీగలకూ చెట్లకూ వేలాడుతూనే ఉంటుంది. చిక్కుకున్న పక్షి రెక్కనుంచి దారాన్ని లాగకూడదు. దానిని గుడ్డతో కప్పి, దారం ముక్కలు ముక్కలుగా కత్తిరించి, చీకటిగా ఉండే పెట్టెలో ఉంచి, అటవీశాఖవారికి తెలియజేయాలి.

సాయంత్రం పిల్లిగద్దలు

ఈ ప్రయాణమంతటిలో ఒక్క గంటే చాలు అనేవారిని నేను ఎన్కతల గడ్డిభూమికి సాయంత్రం నాలుగున్నరకు తీసుకెళతాను. ఇంగ్లీషు పుస్తకాలు హ్యారియర్లు అనే ఈ గద్దలు రాత్రి చెట్టెక్కవు. గడ్డి నడుమ నేల మీదనే, ఒకదానికొకటి కొంత ఎడంగా పడుకుంటాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందునుంచి ఒక్కొక్కటే, ఎటునుంచి వచ్చిందో తెలియకుండా, గడ్డికి నాలుగైదు అడుగుల ఎత్తున తేలుతూ వస్తుంది. రెక్కలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. రెండు మూడు సార్లు కొట్టి, తేలి, పక్కకు వాలి, మళ్ళీ కొడుతుంది. ఒకసారి ఈ నడక కంటికి పడితే మైలు దూరం నుంచి కూడా పోల్చవచ్చు.

రకం పోల్చడానికి ముందు మగవాటితో మొదలుపెట్టండి. పాలిపోయిన బూడిదరంగు, దాదాపు తెలుపు, రెక్క కొసన మాత్రం చీలిక ఆకారంలో నలుపు ఉంటే పాలిడ్ హ్యారియర్. ముదురు బూడిదరంగు, రెక్క మీద అడ్డంగా నల్లని గీత, కొస అంతా నలుపు ఉంటే మాంటెగ్యూ హ్యారియర్. గోధుమరంగు ఒంటికి లేతరంగు తల ఉండి, చెరువు రెల్లు వైపు మొగ్గుతుంటే అది మార్ష్ హ్యారియర్. మొదటి రెండింటి ఆడవి, పిల్లవి గోధుమరంగులో, తోక మొదట తెల్లపట్టీతో ఒకే తీరుగా ఉంటాయి. మెడ దగ్గరి లేత పట్టీ, ముఖం మీది నలుపు చూసి చెప్పేవారున్నారు. సందె వెలుగులో ఎగిరిపోయేదాని ముఖం చూసి నేను చెప్పలేను. పుస్తకంలో "హ్యారియర్, రకం తెలియదు" అని రాస్తాను, అలా రాయడానికి మీరూ వెనుకాడవద్దు.

బాట మీదనే, కారులోనే, వాలే చోటికి కనీసం రెండు వందల మీటర్ల దూరంలో ఉండాలి. గడ్డిలోకి నడిస్తే గుంపంతా లేచి చీకట్లో మరో చోటు వెతుక్కోవలసి వస్తుంది. వాటిమీద దీపాలు వేయకూడదు, ఫోనులో కూత వినిపించి పిలవకూడదు, ఫొటోకు చోటు పేరు జోడించి ఆ రాత్రే అందరికీ పంపకూడదు. వెనుదిరిగేటప్పుడు కారు దీపాలు గడ్డివైపు పడకుండా ముందే తిప్పి నిలుపుకొని ఉంటే మంచిది.

లెక్క రాయడం

చూసిన వెంటనే రాయాలి. వసతికి చేరాక గుర్తు తెచ్చుకొని రాసిన లెక్కలో అరుదైన పిట్టలు పెరుగుతాయి, పిచ్చికలు తగ్గుతాయి. సమయం, ఊరు, నేల రకం, సంఖ్య అన్న నాలుగు గడులు చాలు. గుంపు పెద్దదైతే ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకొని, ఆ కొలతతో గుంపు మొత్తాన్ని కొలవాలి. ఈబర్డ్ యాప్‌లో నమోదు చేసేవారు రోడ్డు పొడవునా ఒకే జాబితా పెట్టకుండా, ఆగిన ప్రతి చోటికీ ఒకటి పెడితే ఆ లెక్కకు విలువ ఉంటుంది. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో పెరటి పక్షుల గణన జరుగుతాయి. మీ ప్రయాణాన్ని ఆ తేదీలకు కలుపుకోవచ్చు. ఒంటరిగా వెళ్ళడానికి జంకేవారు హైదరాబాదు పక్షి పరిశీలకుల సంఘమైన డెక్కన్ బర్డర్స్ వారి నడకల్లో ముందు కొన్నాళ్ళు తిరిగితే కన్ను అలవాటు పడుతుంది.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931, 1932 సంవత్సరాల్లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ రోజుల్లో తుపాకీతో కొట్టి, నమూనా భద్రపరచి, రకం తేల్చేవారు. మన దగ్గర ఉన్నది బైనాక్యులర్ కనుక మన తప్పులను ఎవరూ మ్యూజియం సొరుగు తెరిచి దిద్దలేరు. అందుకే వివరం రాసుకోవడం మనకు మరింత అవసరం.

రెండవ ఉదయం

రెండవ రోజు ఉదయాన్ని పొలంక పిట్టలకు కేటాయించాలి. పావురమంత ఉండి, ఎండుగడ్డి రంగులో కలిసిపోయే ఈ పిట్ట రోజంతా బీడులో గింజలు ఏరుకుంటుంది కనుక, వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. దానికి తప్పనిది నీళ్ళు. పొద్దెక్కాక గుంపులుగా ఒక కుంటకు వచ్చి తాగి పోతుంది. ఏ కుంట అన్నది మ్యాపులో ఉండదు, ఆ ఊరివారిని అడగాలి. అడగడానికి కూడా ఒక తీరుంది. కారులోంచే తల బయటపెట్టి అడగకుండా, దిగి, నమస్కారం పెట్టి, వచ్చిన పని చెప్పాలి. ఒకసారి గొర్రెలను తోలుకుపోతున్న పెద్దాయన నా మెడలోని బైనాక్యులర్ చూసి తానే ఆగాడు.

"ఏం దేవులాడుతున్నరు సారూ? భూములు జూడ వచ్చిండ్రా?"

"భూములు కాదు కాకా, పిట్టలను చూడ వచ్చినం."

ఆయన ఒక నిమిషం నన్ను నమ్మలేదు. తరువాత కర్రతో చూపించాడు: "గా తుమ్మల ఎన్క కుంట ఉన్నది. ఎండ జర ఎక్కంగనే గుంపులు గుంపులు వస్తయి, నీళ్ళు తాగి మల్ల పోతయి. గీ బాట మీద నిలవడకుండ్రి, రావు. గా గట్టు కింద కూసోండ్రి."

ఆయన చెప్పిన చోటే మీకూ చెప్పలేను, కాని ఆయన చెప్పిన పద్ధతి అన్ని కుంటలకూ వర్తిస్తుంది. ఏడున్నరకల్లా నీటి అంచుకు నలభై యాభై మీటర్ల దూరంలో, గట్టు కిందనో పొద పక్కనో, తల ఆకాశానికి గీతగా కనిపించకుండా కూర్చోవాలి. ముందు చప్పుడు వినిపిస్తుంది. "కుట్రో, కుట్రో" అని గొంతులో నలిగినట్లున్న కూత. గుంపు ఒకటి రెండు సార్లు పైన చుట్టి, నేరుగా నీటి దగ్గరకు రాకుండా కాస్త ఎడంగా వాలుతుంది. పొట్టి కాళ్ళతో గబగబా నడిచి వచ్చి, ముక్కు ముంచి, కొన్ని సెకన్లలో తాగడం ముగించి ఒక్కసారిగా లేచిపోతుంది. మగపిట్ట ఒకటి మిగిలి, నీళ్ళలో పొట్ట ఆనించి కూర్చుంటే దానిమీదనే బైనాక్యులర్ నిలపండి. పొట్ట ఈకల్లో నీరు పట్టుకొని, ఎక్కడో బీడులో ఉన్న పిల్లలకు తీసుకుపోయే పని అది.

మొదటి గుంపు పోగానే లేవవద్దు. మరో అరగంట కూర్చుంటే ఆలస్యంగా వచ్చే జంటలు, వాటి తరువాత కౌజు పిట్టల కుటుంబం ఒకటి బిత్తరచూపులతో నీటికి దిగడం చూడవచ్చు. తొమ్మిదిన్నర దాటాక కుంట మీద గాలి వణకడం మొదలవుతుంది. అప్పుడు లేచి, శంకర్‌పల్లి దారి పట్టవచ్చు.